కాటా ఎక్కిన క్యాంపర్ - లోడు పికప్ ని తూకం వేయించడం ఎలా?

నవంబరు సగానికి వచ్చిందంటే కువైట్ కి ప్రాణం లేచివస్తుంది. 2016 జులై 21న మిత్రిబా లో 53.9 డిగ్రీల వేడి నమోదై ప్రపంచ రికార్డు పుస్తకాల్లోకి ఎక్కిన దేశం కదా, ఇక్కడ చలి అంటే పండగే. సాధారణంగా నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా ఎడారిలో గుడారాలు వేసుకోడానికి మునిసిపాలిటీ అనుమతి ఇస్తుంది. సుబియా, కబ్ద్, సాల్మీ రోడ్డు... ఎటు చూసినా పికప్ లే. ఎడారికి ఇలా షికారు పోవడాన్ని కువైటీలు "కష్తా" అంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తరువాత మా బండి సంగతి తెలిశాక ఆ మాట మన తెలుగు అర్థంలోనే వాడుతున్నారేమో అనిపించింది.

మూడేళ్ళ క్రితం నేనూ ఇంకో మిత్రుడూ కలిసి ఒక పాత అమెరికన్ స్లయిడ్-ఇన్ క్యాంపర్ కొన్నాం. తెలియనివారి కోసం చెప్తాను. ఇది వెనక లాక్కెళ్ళే కారవాన్ కాదు. పికప్ తొట్టిలోకి జారి కూర్చునే చిన్న గది. పడక, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు, నెత్తిన ఏసీ. నాలుగు కాళ్ళ మీద పైకి లేపి, కింద నుంచి పికప్ ని వెనక్కి నడిపి, దింపి బిగించడమే. కాబట్టి దాని బరువంతా ఎక్కడికీ పోదు, మన బండి ఇరుసుల మీదే పడుతుంది.

అమ్మినాయన "బ్రోచర్ లో 900 కిలోలని ఉంది సార్, మీ బండికి ఇదో లెక్కా" అన్నాడు. మాది అమెరికన్లు ముప్పావు టన్ను అని పిలిచే తరగతి పికప్. ఆ పేరుకీ అది మోసే బరువుకీ ఇప్పుడు సంబంధం లేదు, పాత అలవాటుగా మిగిలిపోయిన పేరు. సరే అనుకుని ఇద్దరు పిల్లలతో, మా ఆవిడతో సాల్మీ రోడ్డు ఎక్కాను. వేగం 110 దాటాక స్టీరింగ్ చేతిలో తేలిపోతున్నట్టు అనిపించింది. పక్కనుంచి ట్రెయిలర్ లారీ దూసుకుపోగానే బండి ముక్కు ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరిగింది. "ఏమండీ, ఇది ఊగుతోంది, నెమ్మదిగా పోనివ్వండి" అని ఆవిడ అనేలోపే కాలు తీసేశాను. పక్కకి ఆపి వెనక టైరు మీద చెయ్యి వేస్తే, వేసిన చెయ్యి వెంటనే తీసేయాల్సి వచ్చింది. 70 మీద నడుపుకుంటూ ఇంటికి చేరాం. ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే నాకు ఆ బండి బరువు ఎంతో తెలియదు. ఇంజనీరింగ్ లో మాస్టర్స్ చేసినవాడిని, ఊహ మీద బండి నడిపాను!

తలుపు దగ్గర ఉన్న స్టిక్కరు

డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. మనలో ఎంతమంది చదివాం? నేను చదవలేదు. అందులో మూడు అంకెలు మనకి కావాలి. మొదటిది జీవీడబ్ల్యూఆర్, అంటే బండి, మనుషులు, పెట్రోలు, సామాను, క్యాంపర్ అంతా కలిపి దాటకూడని మొత్తం బరువు. మా బండికి అది 4,309 కిలోలు. మిగతా రెండూ జీఏడబ్ల్యూఆర్ లు, ఒక్కో ఇరుసు మీద పడదగిన గరిష్ట బరువు. మాకు ముందు ఇరుసుకి 2,177, వెనక ఇరుసుకి 2,812.

రెండు ఇరుసులూ కలిపితే 4,989 వస్తోంది, అది మొత్తం పరిమితి కంటే 680 ఎక్కువ కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పొరపాటు కాదు. బరువు ముందుకో వెనక్కో కాస్త జరిగినా తట్టుకోడానికి ఇరుసులకి విడిగా కొంత వెసులుబాటు ఉంచుతారు. దాన్ని పట్టుకుని మొత్తం పరిమితి దాటకూడదు. అలాగే మొత్తం సరిపోయింది కదా అని వెనక ఇరుసుని వదిలేయకూడదు. మూడూ విడివిడిగా పాస్ కావాలి, ఇంటర్మీడియట్ లో సబ్జెక్టుల లాగా.

అమెరికాలో ఈ గొడవ ముందే పసిగట్టారు. ఫెడరల్ నిబంధనల్లో 49వ టైటిల్ కింద 575.103 సెక్షన్ ఉన్నదే పికప్ మీద క్యాంపర్ ఎక్కించడం గురించి. స్లయిడ్-ఇన్ క్యాంపర్ మోయగల ట్రక్కు తయారు చేసినవాళ్ళు అది ఎంత సామాను మోయగలదో, ఆ బరువు కేంద్రం తొట్టిలో ఎక్కడ నుంచి ఎక్కడి వరకు ఉండొచ్చో కొన్నవారికి కాగితం మీద ఇవ్వాలి. ఆ మోతలో మనుషుల బరువు ఉండదు, ఒక్కో సీటుకి 150 పౌండ్లు, అంటే 68 కిలోల చొప్పున ముందే తీసేస్తారు. పండగలకి పులిహోర, బొబ్బట్లు తినే మనవాళ్ళం ఆ 68 ని గట్టిగా నమ్ముకోకూడదు. క్యాంపర్ తయారీదారు కూడా గది మీద ఒక లేబులు అంటించాలి. ఎన్ని గ్యాలన్ల నీళ్ళు, ఎంత గ్యాస్, ఎంత ఫ్రిజ్ లెక్కలోకి తీసుకుని ఆ బరువు చెప్పారో అందులో ఉంటుంది. అదనంగా బిగించిన ఏసీ, బయటికి పరిచే పందిరి లాంటివి మనమే కలుపుకోవాలి. బ్రోచర్ లోని "ఖాళీ బరువు" వేరు, లేబులు వేరు, మన చేతిలో ఉన్న గది వేరు. లోడు చేసిన బండిని తీసుకెళ్ళి ముందు చక్రాలనీ వెనక చక్రాలనీ విడివిడిగా తూకం వేయించమని ఆ నిబంధనే యజమానికి చెప్పిస్తుంది.

మీజాన్

మరి కువైట్ లో తూకం ఎక్కడ? పాత ఇనుము కొనే యార్డుల్లో వేబ్రిడ్జిలు ఉంటాయి. అమ్ఘరా వైపు అలాంటి యార్డులు చాలా. అరబిక్ లో తూకపు యంత్రాన్ని "మీజాన్" అంటారు. అన్నట్టు, అడివి బాపిరాజు గారు హైదరాబాదులో సంపాదకులుగా ఉన్న "మీజాన్" పత్రిక పేరు ఈ మాటే, త్రాసు అని అర్థం.

లారీల రద్దీ లేని వేళ చూసుకుని వెళ్ళాను. కాటా గదిలో కూర్చున్నాయన రాయచోటి వైపు మనిషి. క్యాంపర్ ని కిందనుంచి పైదాకా చూసి "ఏంది సార్, ఇల్లు ఎత్తుకోని వచ్చినారే!" అన్నాడు. ముందు చక్రాలు ఒక్కటే విడిగా తూకం వేయమని అడిగితే అందరిలాగా ఎందుకని అడగలేదు. "మా ఊర్లో చెనక్కాయల బండి కడితే గూడా ముందు తూగు చూస్కోకుండా కదిలీరు సార్" అన్నాడు. ఇంజనీరింగ్ అంతా ఆ ఒక్క మాటలో చెప్పేశాడు. డబ్బులు తీసుకోమంటే వద్దన్నాడు, రెండు చాయ్ లతో సరిపోయింది.

తూకం వేసే పద్ధతి ఇదీ. ట్యాంకు నిండా పెట్రోలు, నీళ్ళు, గ్యాస్, సామాను, మనుషులు... ప్రయాణానికి ఎలా వెళ్తామో అలాగే వెళ్ళాలి. పిల్లల్ని ఇంట్లో దింపి వెళ్తే వచ్చే అంకె మన బండిది కాదు. ముందు చక్రాలు రెండూ పళ్ళెం మీదకి వచ్చాక ఆపి, వెనక చక్రాలు బయట నేల మీద ఉండగా ఒక తూకం. తరువాత బండి మొత్తం ఎక్కించి రెండోది. ముందు చక్రాలు దిగిపోయి వెనకవి మాత్రమే ఉండగా మూడోది. బయటి నేల పళ్ళానికి సమమట్టంగా ఉండాలి, వాలుగా ఉంటే బరువు అటో ఇటో జరిగి తప్పు అంకె వస్తుంది. నేల చదునుగా ఉంటే గేరు న్యూట్రల్ లో పెట్టి, బ్రేకు మీద కాలు వదిలి అంకె చూడాలి. బ్రేకు బిగించి ఉంటే చక్రాలు ఒకదాన్నొకటి లాగుతుంటాయి. మొదటిదీ మూడోదీ కలిపితే రెండోది రావాలి. లారీల కాటా 20 కిలోల మెట్లలో చూపించడం మామూలు, కాబట్టి ఒకటి రెండు మెట్ల తేడాని పట్టించుకోనక్కరలేదు. వంద తేడా వస్తే మళ్ళీ వేయించాలి.

ఖాళీ బండిని కూడా ఒకసారి ఇలాగే వేయించి ఆ చీటీ దాచుకోండి. చెరకు ట్రాక్టరుకి ఫ్యాక్టరీ కాటా దగ్గర రెండు తూకాలు ఉన్నట్టే ఇక్కడా రెండు కావాలి. ఖాళీ తూకం లేకపోతే లోడు ఎటు మొగ్గుతోందో చెప్పలేం.

మా చీటీలో ఏముంది

క్యాంపర్ దింపేసి, నిండు పెట్రోలుతో, నేనొక్కడినే కూర్చుని ముందే వేయించిన తూకంలో ముందు ఇరుసు 1,640, వెనక 1,180, మొత్తం 2,820 కిలోలు. ప్రయాణానికి సిద్ధంగా వెళ్ళిన రోజున ముందు 1,600, వెనక 2,920, మొత్తం 4,520.

మొత్తం పరిమితి కంటే 211 కిలోలు ఎక్కువ. వెనక ఇరుసు 108 ఎక్కువ. ఇవి చూసి కంగారు పడ్డాను కానీ నన్ను నిజంగా భయపెట్టింది ముందు ఇరుసు. బండి మీద 1,700 కిలోలు పెరిగితే ముందు చక్రాల మీద బరువు 40 కిలోలు తగ్గింది! అంటే మేం ఎక్కించినదంతా కలిపి చూస్తే దాని బరువు కేంద్రం వెనక ఇరుసుకి ఇంకా వెనక ఉంది. ఎంత వెనక? ఇరుసుల మధ్య దూరం మా బండికి 3.9 మీటర్లు. 40 ని 3.9 తో గుణించి 1,700 తో భాగిస్తే సుమారు 9 సెంటీమీటర్లు. జానెడు కూడా కాదు. ఆ 9 సెంటీమీటర్లే సాల్మీ రోడ్డు మీద నా స్టీరింగ్ ని తేల్చేసింది.

ఎడ్ల బండి ఎక్కినవాళ్ళకి ఇది చెప్పనక్కరలేదు. మూటలు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు కింద తాడు బిగుస్తుంది. ముందుకి ఎక్కువైతే మెడలు కుంగుతాయి. ఎద్దు తల విదిలించి చెప్తుంది. పికప్ 110 వేగం దాకా ఏమీ చెప్పదు.

1,700 కిలోలు ఎక్కడినుంచి వచ్చాయి? ఖాళీ క్యాంపర్ ఎక్కించి ఇంకోసారి తూకం వేయిస్తే బండి మొత్తం 3,960 వచ్చింది. అంటే 900 అన్న గది ఏసీ, పందిరి, రెండు బ్యాటరీలతో నిజానికి 1,140. మిగిలిన 560 మా పుణ్యమే. ట్యాంకులో 120 లీటర్ల నీళ్ళు, విడిగా నాలుగు 20 లీటర్ల క్యాన్లు, వెరసి 200 కిలోలు. నీళ్ళకి లీటరుకి కిలో, అందులో బేరం లేదు. ఆవిడా పిల్లలూ 130. జనరేటరు 45. రెండు గ్యాస్ సిలిండర్లు 55 దాకా. ఇక్కడి సిలిండర్లో గ్యాస్ 12 కిలోలే, ఇండియాలో లాగా 14.2 కాదు, కానీ ఇనుము బరువు మర్చిపోతాం. ఐస్ పెట్టె, తిండి 50, బొగ్గులు, కట్టెలు 40, తివాచీలు, కుర్చీలు, దుప్పట్లు 40. ఒక్కటీ పెద్దగా కనబడదు.

టైరు మీద అంకె

వెనక టైర్ల మీద 121/118 అని ఉంది. ఇవి మోత సూచికలు. 121 అంటే టైరుకి 1,450 కిలోలు. గీత తరువాతి 118, అంటే 1,320, ఒక పక్కన జంట చక్రాలు ఉండే బండ్లకి. మాది పక్కకి ఒక్క చక్రమే కాబట్టి రెండు టైర్లకి కలిపి 2,900. ఇరుసు మీద 2,920! పైగా ఆ 1,450 అనేది టైరులో పూర్తి గాలి ఉన్నప్పటి మాట. మాకు కావలసింది 80 పీఎస్ఐ, నేను కొట్టించింది 60. గాలి తగ్గితే మోత తగ్గుతుంది, టైరు గోడ ఎక్కువ మడతపడి వేడెక్కుతుంది. నా చెయ్యి కాలింది అందుకే. కార్ల టైర్లు వేసుకుని తిరిగే పికప్ ల సంగతి ఇంకా ఘోరం. కారు టైరుని ట్రక్కుకి వాడితే దాని మోతని 1.10 తో భాగించి లెక్కేయాలని అమెరికా నిబంధన. టైరు పుట్టిన తేదీ కూడా చూడండి, నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. ఇక్కడి ఎండలో పైకి కొత్తగా కనబడే టైరు కూడా లోపల పాతబడుతుంది.

చలికాలం తెల్లవారుజామున 8 డిగ్రీలుండి మధ్యాహ్నం 28 అయితే 35 పీఎస్ఐ కారు టైరులో మూడున్నర దాకా పెరుగుతుంది. 75 ఉన్న ట్రక్కు టైరులో ఆరు దాకా. అందుకని మధ్యాహ్నం చూసి "ఎక్కువైంది" అని గాలి తీసేయకండి. పొద్దున్నే బండి కదలక ముందు చూడాలి.

మిత్రులు చాలామంది సలహాలిచ్చారు. అందులో ఎక్కువసార్లు వినిపించింది "వెనక రెండు కమాను పట్టీలు వేయించెయ్" అని. వేయిస్తే బండి వెనక భాగం కుంగడం తగ్గుతుంది, నిజమే. కానీ ఇరుసు, బేరింగులు, రిమ్ములు, టైర్లు, బ్రేకులు పాతవే కదా? స్టిక్కరు మీది అంకె మారదు. నా ఉద్దేశంలో ఇది ఇంకా ప్రమాదం, కుంగితే కనబడేది, ఇప్పుడు కనబడదు. 4,520 కిలోల బండిని ఒకే వేగం నుంచి ఆపడానికి బ్రేకులు 2,820 కిలోల బండి కంటే 1.6 రెట్లు శక్తిని మింగాలి. పట్టీలు దానికి ఏమీ చేయలేవు.

రెండో తూకం

ట్యాంకు ఖాళీ చేశాం, క్యాన్లు మాత్రం ఉంచాం. వెనక బంపరు మీద మోజుపడి పెట్టించిన జనరేటరు స్నేహితుడి కారులోకి మారింది. వెనకే కట్టిన కట్టెలు, బొగ్గులు వద్దనుకున్నాం. ఒక సిలిండరు దింపాం. మళ్ళీ రాయచోటి అన్న దగ్గరికి వెళ్తే ముందు 1,640, వెనక 2,640, మొత్తం 4,280. దింపినవి 240 కిలోలే, కానీ వెనక 280 తగ్గి ముందుకి 40 తిరిగి వచ్చింది. ఇరుసు వెనక వేలాడే బరువు తీస్తే లాభం ఇలా ఉంటుంది. టైరుకి 1,320 పడుతోంది, 1,450 కి లోపలే.

అయినా మొత్తంలో మిగిలింది 29 కిలోలు. అది కాటా చూపించే మెట్టు కంటే కాస్తే ఎక్కువ, దాన్ని నమ్మి పడుకోలేను. తరువాత పందిరి, రెండో బ్యాటరీ తీయించేశాను. మా అమ్మాయి సైకిలు కూడా ఇంట్లోనే ఉండిపోయింది, ఆ విషయంలో నా మీద ఇంకా కోపం పోలేదు.

ఇరుసు సరిపోయినా ఎడమ కుడి సమానమని అనుకోకూడదు. నీళ్ళ ట్యాంకు ఒక పక్క, ఫ్రిజ్ ఒక పక్క ఉంటాయి. నేలకి సమంగా ఉన్న కాటా అయితే ఒక పక్క చక్రాలు మాత్రమే ఎక్కించి చూడొచ్చు. ఎత్తుగా కట్టిన కాటా మీద ఆ ప్రయత్నం వద్దు. చదును నేల మీద రెండు వెనక చక్రాల పైన మడ్ గార్డు ఎత్తుని టేపుతో కొలిస్తే తేడా తెలుస్తుంది.

ఈ పత్రిక చదివే మిగతా దేశాల వారికి పని ఇంకా తేలిక. అమెరికాలో 1977 లో మొదలైన క్యాట్ స్కేల్ కాటాలు ట్రక్ స్టాపుల్లో ఉంటాయి, పళ్ళెం ముక్కలుగా ఉంటుంది కాబట్టి ముందు చక్రాలు ఒకదాని మీద, వెనకవి ఇంకోదాని మీద ఆపితే ఒకేసారి రెండూ వస్తాయి. మన ఊళ్ళలో ధర్మకాంటా ఎక్కడుందో చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఇంకో సంగతి. కువైట్ లో ఎడారికి సామాను మోసే పికప్ లు నడిపేది చాలాసార్లు బండి యజమాని కాదు. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు, గోదావరి జిల్లాల నుంచి 20వ ఆర్టికల్ వీసా మీద వచ్చి ఇళ్ళల్లో డ్రైవర్లుగా చేసే మనవాళ్ళు. గుడారాలు, ఇనుప గొట్టాలు, నీళ్ళ ట్యాంకు, కట్టెలు ఎక్కించేది వాళ్ళే, అర్ధరాత్రి తోలేదీ వాళ్ళే. 2025 ఏప్రిల్ 22 నుంచి ట్రాఫిక్ చట్టం సవరణలు వచ్చాక జరిమానాలూ బాగా పెరిగాయి. "ఇంత వద్దు బాబా" అని యజమానికి చెప్పే ధైర్యం ఉత్త మాటతో రాదు. తలుపు స్టిక్కరులో అంకె చూపించి, కాటా చీటీ చేతిలో పెడితే చెప్పడం కొంచెం తేలిక. మా వీధిలో ఒక డ్రైవరుకి ఆ మూడు అంకెలూ తెలుగులో రాసి ఇచ్చాను. ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నాడు. పోయిన సీజన్లో గుడారం సామాను ఒక్క ట్రిప్పులో కాకుండా రెండు ట్రిప్పుల్లో తీసుకెళ్ళానని తనే వచ్చి చెప్పాడు.

చివరిగా ఇసుక సంగతి. ఇసుకలో కూరుకుపోకుండా టైర్లలో గాలి బాగా తగ్గిస్తాం. తిరుగు ప్రయాణంలో అలసిపోయి, అదే గాలితో హైవే ఎక్కేస్తాం. క్యాంపర్ ఉన్న బండికి అది చాలా చెడ్డ పని. తారు రోడ్డు తగలగానే బండి ఆపి గాలి కొట్టుకోడానికి కంప్రెసరు ఉంచుకోండి, బరువు రెండు మూడు కిలోలే. లేదా మొదటి "బన్షర్" దగ్గర ఆగండి. పంక్చరు షాపుని ఇక్కడ అరబిక్ లో అలాగే అంటారు, మన పంచరు కి చుట్టమే. అక్కడిదాకా 40 దాటకుండా వెళ్ళండి. షాపతను అలవాటుగా అందరికీ కొట్టే గాలే కొట్టేస్తాడు. మీ కాటా చీటీ వెనక మీ అంకె రాసి ఉంచుకుని దగ్గరుండి చూసుకోండి.